అమెరికాలో ఆరోగ్య బీమా లేనివారి వైద్యం

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ప్రజలందరికీ వర్తించే ప్రభుత్వ ఆరోగ్య బీమా లేదు. 65 ఏళ్లు నిండినవారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్, ఉద్యోగులకు యజమాని ఇచ్చే బీమా ఉన్నాయి. తక్కినవారు సొంతంగా కొనుక్కోవాలి. వీటిలో ఏదీ అందనివారు 2023లో సుమారు 2.6 కోట్ల మంది, అంటే జనాభాలో దాదాపు 8 శాతం.

వీరు వైద్యం చేయించుకోగలరా అని అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. గుండెపోటుతో ఆసుపత్రికి చేరితే చికిత్స దొరుకుతుంది. ఆ గుండెపోటు రాకుండా ఏళ్ల తరబడి మింగాల్సిన రక్తపోటు మాత్రకు, దాన్ని రాసే డాక్టరుకు, ఏటా చేయించాల్సిన పరీక్షకు మాత్రం హామీ లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చట్టం ఆదుకుంటుంది. ప్రాణం మీదికి రాకుండా చూసే బాధ్యతను అది ఎవరి మీదా పెట్టలేదు. బీమా లేనివారి కష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క లోపం నుంచి పుట్టినవే.

ఎవరు వీరు

పని చేయనివారికే బీమా ఉండదని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. బీమా లేని 65 ఏళ్ల లోపువారిలో అత్యధికుల ఇళ్లలో కనీసం ఒకరు పూర్తికాలం పని చేస్తున్నారు. రెస్టారెంట్లలో వంట చేసేవారు, ఇళ్లు కట్టేవారు, పొలాల్లో కోతలు కోసేవారు, గ్యాస్ స్టేషన్లలో కౌంటర్ దగ్గర నిలబడేవారు, చిన్న దుకాణం నడుపుకునేవారు వీరిలో ఎక్కువ. 50 మందికి తక్కువ ఉద్యోగులున్న సంస్థ బీమా ఇవ్వాలన్న నిబంధన లేదు. ఇచ్చిన చోట కూడా ఉద్యోగి వాటా బరువే. యజమాని ద్వారా వచ్చే కుటుంబ బీమా ప్రీమియం 2024లో సగటున ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతం నుంచి పోయేది 6,296 డాలర్లు. గంటకు పదిహేను డాలర్లు సంపాదించే మనిషికి అది రెండున్నర నెలల కష్టం.

రెండో కారణం ఉండే రాష్ట్రం. మసాచుసెట్స్‌లో బీమా లేనివారు 3 శాతానికి లోపే. టెక్సస్‌లో 16 శాతం పైచిలుకు. మసాచుసెట్స్ 2006లో గవర్నర్ మిట్ రోమ్నీ హయాంలోనే అందరికీ బీమా ఉండాలన్న చట్టం చేసుకుంది. దాదాపు అదే నమూనాతో అధ్యక్షుడు ఒబామా 2010 మార్చి 23న అఫర్డబుల్ కేర్ యాక్ట్‌పై సంతకం చేశారు. పేద పెద్దలందరికీ మెడికెయిడ్ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. 2012లో సుప్రీంకోర్టు దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. నలభై రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా, మిసిసిపి, టెనెసీ, సౌత్ కరొలైనా, కాన్సస్, విస్కాన్సిన్, వయోమింగ్ పూర్తిగా ఒప్పుకోలేదు.

దాని ఫలితం చాలా అన్యాయంగా ఉంది. అందరికంటే పేదవారికి మెడికెయిడ్ వస్తుందన్న లెక్కతో, బీమా కొనుక్కోవడానికిచ్చే సబ్సిడీని పేదరిక రేఖకు పైనున్నవారికే ఆ చట్టం ఏర్పాటు చేసింది. 2025లో ఒంటరి మనిషికి ఆ రేఖ ఏడాదికి 15,650 డాలర్లు. టెక్సస్‌లో అంతకు కాస్త ఎక్కువ సంపాదించేవాడికి సబ్సిడీ వస్తుంది. అంతకు తక్కువ సంపాదించే, పిల్లలు లేని, వైకల్యం లేని మనిషికి సబ్సిడీ రాదు, మెడికెయిడ్ కూడా రాదు. ఈ సందులో పదమూడు, పద్నాలుగు లక్షల మంది చిక్కుకున్నారు.

ఇక వలస వచ్చినవారి సంగతి. 1996 నాటి సంక్షేమ చట్టం ప్రకారం గ్రీన్‌కార్డు ఉన్నా చాలామంది పెద్దవారికి మొదటి ఐదేళ్లు మెడికెయిడ్ అందదు. పత్రాలు లేనివారు అఫర్డబుల్ కేర్ యాక్ట్ మార్కెట్లో తమ సొంత డబ్బు పెట్టి కూడా బీమా కొనలేరు.

ఈ ఏర్పాటు ఎలా వచ్చింది

1929లో డాలస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వ్యవహారాలు చూసిన జస్టిన్ ఫోర్డ్ కింబల్ బడిపంతుళ్లకు ఒక పథకం పెట్టాడు. నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజుల ఆసుపత్రి వైద్యం. బ్లూ క్రాస్ బీమాలకు ఇదే మూలం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది. పనివాళ్లను నిలుపుకోవడానికి కంపెనీలు జీతానికి బదులు వైద్య బీమా ఇవ్వసాగాయి. 1954 పన్ను చట్టం ఆ బీమాపై ఆదాయపు పన్ను ఉండదని స్థిరపరచింది. అలా వైద్యం ఉద్యోగంతో ముడిపడింది. జబ్బు చేసి ఉద్యోగం పోయిన మనిషికి అవసరమైన ఘడియలోనే బీమా కూడా పోతుందన్న సంగతిని ఆ రోజుల్లో ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు.

1945లో అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదించారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పెద్ద ఎత్తున వ్యతిరేకించింది. అది వీగిపోయింది. ఇరవై ఏళ్లకు, 1965 జూలై 30న, లిండన్ జాన్సన్ మిజోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణానికి వెళ్లి ట్రూమన్ ఎదుటే మెడికేర్, మెడికెయిడ్ చట్టంపై సంతకం చేసి, మొదటి మెడికేర్ కార్డు ఆయన చేతికే ఇచ్చారు. ముసలివారికి, పేదవారిలో కొందరికి దారి దొరికింది. మధ్యలో ఉన్నవారి సమస్య అలాగే మిగిలింది.

అత్యవసర గది వరకే హక్కు

1980ల తొలినాళ్లలో ప్రైవేటు ఆసుపత్రులు బీమా లేని రోగులను అంబులెన్స్ ఎక్కించి ప్రభుత్వ ఆసుపత్రులకు తరలించడం మామూలైపోయింది. షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రి వైద్యులు అలా వచ్చిన 467 మంది రోగుల వివరాలు సేకరించి 1986లో ప్రచురించారు. 87 శాతం మందిని పంపడానికి కారణం తగిన బీమా లేకపోవడమే. తరలింపునకు రాతపూర్వకంగా సమ్మతి తెలిపినవారు కేవలం 6 శాతం. ఇటువంటి సాక్ష్యాల ఒత్తిడితోనే ఆ సంవత్సరం అత్యవసర వైద్య, ప్రసవ చట్టం వచ్చింది. దాన్ని పొడి అక్షరాలతో ఎమ్టాలా అంటారు. మెడికేర్ డబ్బు తీసుకునే ప్రతి ఆసుపత్రీ, అంటే దాదాపు అన్నీ, అత్యవసర గదికి వచ్చిన ఎవరినైనా పరీక్షించాలి, ప్రాణాపాయం తప్పేదాకా చికిత్స చేయాలి, నొప్పులు పడుతున్న గర్భిణికి పురుడు పోయాలి. బీమా ఉందా, డబ్బుందా, ఏ దేశస్థుడన్న ప్రశ్నలతో వైద్యం ఆపకూడదు.

ఇది గొప్ప చట్టం. దీని వల్ల దక్కిన ప్రాణాలు లెక్కలేనన్ని. అయితే ఈ చట్టం చికిత్స చేయమంది గానీ ఉచితంగా చేయమనలేదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. పైగా హక్కు ‘నిలకడ’ వచ్చేదాకే. విరిగిన చేతికి కట్టు కట్టి, వారంలోగా ఎముకల డాక్టరును చూడమని కాగితం ఇచ్చి పంపుతారు. ఆ డాక్టరు ఆఫీసులో ముందుగా డబ్బు కట్టమంటే అడ్డుకునే చట్టం లేదు. కడుపునొప్పితో వెళ్లినవారికి స్కాన్‌లో కణితి కనిపిస్తే ఆ మాట చెప్పి పంపుతారు. కీమోథెరపీ అత్యవసర చికిత్స కిందికి రాదు.

ఈ గీత ఎంత దారుణమైనదో కిడ్నీ రోగులను చూస్తే అర్థమవుతుంది. 1972 నాటి చట్టం ప్రకారం డయాలిసిస్ ఖర్చును చాలామంది అమెరికన్లకు మెడికేరే భరిస్తోంది. పత్రాలు లేని వలసదారులకు ఆ సౌకర్యం లేదు. అనేక రాష్ట్రాల్లో వారు వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకోలేరు. ఊపిరి ఆడక, రక్తంలో పొటాషియం ప్రమాదకర స్థాయికి పెరిగి, అత్యవసర గదికి చేరిన రోజునే చేస్తారు. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం ఇలా అత్యవసరంగా మాత్రమే డయాలిసిస్ పొందినవారికి ఐదేళ్లలో మరణించే ముప్పు, క్రమం తప్పక పొందినవారి కంటే 14 రెట్లు ఎక్కువ. పైగా ఆసుపత్రికి ఖర్చూ ఎక్కువే. ఆ అధ్యయనానికి నాయకత్వం వహించిన డెన్వర్ వైద్యురాలు లిలియా సెర్వాంటెస్ కృషితో కొలరాడో 2019లో తన పద్ధతి మార్చుకుంది.

ఆసుపత్రి బిల్లు

ప్రతి అమెరికన్ ఆసుపత్రిలో వేల అంశాలకు ధరలు రాసిన ఒక పట్టీ ఉంటుంది. దాన్ని చార్జ్‌మాస్టర్ అంటారు. బీమా కంపెనీలు బేరమాడి ఆ ధరలో కొంత భాగమే చెల్లిస్తాయి. మెడికేర్ తన రేటు తానే నిర్ణయిస్తుంది. బేరమాడే బలం లేని ఒంటరి రోగికి చాలాసార్లు పట్టీలో ఉన్న ధరే పడుతుంది. జాన్స్ హాప్కిన్స్ ఆచార్యుడు జెరార్డ్ ఆండర్సన్ 2004 లెక్కలు పరిశీలించి, బీమా కంపెనీలు చెల్లించేదానికి రెండున్నర రెట్లు బీమా లేనివారికి ఆసుపత్రులు వేస్తున్నాయని తేల్చాడు. 2013లో పాత్రికేయుడు స్టీవెన్ బ్రిల్ టైమ్ పత్రికలో రాసిన సుదీర్ఘ వ్యాసంతో ఈ పట్టీ సంగతి సామాన్య పాఠకులకు చేరింది. ప్రభుత్వ బీమా వెబ్‌సైటే మూడు రోజుల ఆసుపత్రి వాసానికి దాదాపు 30,000 డాలర్లు, విరిగిన కాలు బాగుచేయడానికి 7,500 డాలర్ల దాకా అవుతుందని హెచ్చరిస్తుంది. అందరికంటే తక్కువ ఉన్నవాడికి అందరికంటే ఎక్కువ ధర వేసే ఈ పద్ధతిని ఏ న్యాయంతోనూ సమర్థించలేం.

మేరీలాండ్ ఒక్కటి వేరు దారిలో నడిచింది. 1971లో ఏర్పడిన అక్కడి కమిషన్ ఒక్కో ఆసుపత్రికి రేట్లు నిర్ణయిస్తుంది. బీమా కంపెనీ కట్టినా, రోగి జేబులోంచి కట్టినా ఒకే ఆసుపత్రిలో అదే రేటు. అర్ధ శతాబ్దంగా అక్కడ ఆసుపత్రులు నడుస్తూనే ఉన్నాయి గనుక, రెండు ధరల పద్ధతి తప్పనిసరి అన్న వాదన నిలవదు.

2010 తర్వాత కొంత మార్పు వచ్చింది. దేశంలోని సగానికి పైగా ఆసుపత్రులు లాభాపేక్ష లేనివిగా నమోదై పన్ను మినహాయింపు పొందుతున్నాయి. అవి ఆర్థిక సహాయ విధానాన్ని రాతలో పెట్టి, అందరికీ తెలిసేలా ప్రకటించాలని అఫర్డబుల్ కేర్ యాక్ట్ నిర్దేశించింది. ఆ సహాయానికి అర్హులైనవారికి బీమా ఉన్నవారి రేటుకు మించి వేయకూడదు. మొదటి బిల్లు ఇచ్చాక 120 రోజులు గడవనిదే కోర్టుకెక్కడం, జీతం జప్తు చేయించడం వంటి చర్యలు తీసుకోకూడదు. దరఖాస్తు చేసుకోవడానికి 240 రోజుల గడువు ఇవ్వాలి. ఎంత ఆదాయం దాకా మాఫీ అన్నది మాత్రం ఆసుపత్రి ఇష్టం. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు దాన్ని కూడా చట్టంలో రాశాయి. 2022 జనవరి నుంచి అమలైన మరో చట్టం ప్రకారం, ముందుగా తేదీ తీసుకున్న చికిత్సకు బీమా లేని రోగికి ఖర్చు అంచనా రాసివ్వాలి. అసలు బిల్లు ఆ అంచనా కంటే 400 డాలర్లు లేదా అంతకు మించి పెరిగితే రోగి వివాదం లేవనెత్తవచ్చు.

ఈ హక్కులు కాగితం మీద బాగున్నాయి. జ్వరంతో, నొప్పితో, భయంతో ఉన్న మనిషికి వీటి సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. అర్హత ఉండీ దరఖాస్తు పెట్టక పూర్తి బిల్లు కట్టినవారు, కట్టలేక అప్పులపాలైనవారు కోకొల్లలు.

తక్కువ ఖర్చుతో దొరికే వైద్యం

1965 డిసెంబరులో బోస్టన్‌లోని కొలంబియా పాయింట్ పేదల కాలనీలో జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్ అనే ఇద్దరు వైద్యులు ఒక ఆరోగ్య కేంద్రం తెరిచారు. తర్వాత మిసిసిపిలోని మౌండ్ బయూ అనే నల్లజాతి పట్టణంలో మరొకటి. మౌండ్ బయూలో పిల్లలు ఆకలితో జబ్బు పడుతున్నారని చూసి గైగర్ మందుల చీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాసేవాడు. కిరాణా దుకాణాల బిల్లును ఫార్మసీ ఖాతాలోంచి కట్టేవాడు. పై అధికారులు నిలదీస్తే, పోషకాహార లోపానికి వైద్యశాస్త్రం చెప్పే మందు తిండేనని జవాబిచ్చాడు. ఆ రెండు కేంద్రాల నుంచి పెరిగిన వ్యవస్థలో ఇవాళ దాదాపు 1,400 సంస్థలు ఉన్నాయి. ఏటా మూడు కోట్ల మందికి పైగా వీటికి వస్తారు. పేదరిక రేఖకు లోబడినవారికి నామమాత్రపు రుసుము లేదా ఏమీ ఉండదు, రేఖకు రెండింతల ఆదాయం వరకు మెట్లవారీ తగ్గింపు. సంప్రదాయంగా పౌరసత్వం అడగరు. మధుమేహం, రక్తపోటు, గర్భిణుల పరీక్షలు, పిల్లల టీకాలు, చాలాచోట్ల పళ్ల వైద్యం దొరుకుతాయి. బీమా లేని మనిషికి అమెరికాలో దొరికే అత్యుత్తమమైన సాయం ఇదేనని నా అభిప్రాయం. అయితే ఆపరేషన్ అవసరమైతే, గుండె డాక్టరో, క్యాన్సర్ డాక్టరో కావలసి వస్తే ఈ కేంద్రాల చేతిలో లేదు.

అక్కడ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు అక్కరకు వస్తాయి. న్యూయార్క్‌లో బెల్‌వ్యూ, అట్లాంటాలో గ్రేడీ, హ్యూస్టన్‌లో బెన్ టాబ్, డాలస్‌లో పార్క్‌లాండ్. వీటిలో చాలావాటికి ఆ కౌంటీ ఆస్తి పన్ను ఆధారం కనుక చౌక వైద్యం కౌంటీ నివాసులకే. పార్క్‌లాండ్ డాలస్ కౌంటీది. తెలుగువారు ఎక్కువగా ఉండే ప్లేనో ఊరు పొరుగునున్న కాలిన్ కౌంటీలోది. ఆ కౌంటీకి అలాంటి సొంత ఆసుపత్రి లేదు. అరగంట కారు ప్రయాణం దూరంలో రోగి భవిష్యత్తు మారిపోతుంది.

కొన్ని జబ్బులకు ప్రత్యేక దారులున్నాయి. టెనెసీలోని మెంఫిస్‌లో 1962లో నటుడు డానీ థామస్ స్థాపించిన సెయింట్ జూడ్ ఆసుపత్రి తన దగ్గర చికిత్స పొందే క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు బిల్లే పంపదు. 1990 చట్టం కింద తక్కువ ఆదాయం గల స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉచితం.

పళ్ల వైద్యం పరిస్థితి అన్నిటికంటే హీనం. 2007 ఫిబ్రవరిలో మేరీలాండ్‌లో 12 ఏళ్ల బాలుడు పుచ్చిపోయిన పన్ను నుంచి మెదడుకు చీము పాకి చనిపోయాడు. కుటుంబానికి మెడికెయిడ్ ఆగిపోయింది. ఆ పన్ను పీకడానికి అప్పట్లో 80 డాలర్లు చాలు. చివరి రోజుల ఆసుపత్రి ఖర్చు రెండు లక్షల డాలర్లు దాటింది. ఆ మరణం తర్వాతే పిల్లల బీమాలో పళ్ల వైద్యం తప్పనిసరి చేశారు. పెద్దలకు ఇప్పటికీ అలాంటి హామీ లేదు. 1985లో స్టాన్ బ్రాక్ స్థాపించిన రిమోట్ ఏరియా మెడికల్ అనే స్వచ్ఛంద సంస్థ మొదట గయానా వంటి దేశాల అడవుల్లోని జనానికి వైద్యం అందించడానికి పుట్టింది. ఇప్పుడు దాని శిబిరాల్లో అత్యధికం అమెరికాలోనే. శిబిరం తెరిచే తెల్లవారుజాముకు ముందే జనం రాత్రంతా కార్లలో పడుకుని పన్ను పీకించుకోవడానికీ, కళ్లద్దాల కోసమూ ఎదురుచూస్తారు.

మందులు

మందుల ధరలకు ఇన్సులిన్ కథ చాలు. దాన్ని కనుగొన్నవారు 1923లో పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి మనిషికి ఒక్క డాలరుకు ఇచ్చేశారు. 1996లో హ్యూమలాగ్ అనే ఇన్సులిన్ సీసా 21 డాలర్లు. రెండు దశాబ్దాలు తిరిగేసరికి దాదాపు 275 డాలర్లు. బీమా లేనివారు మోతాదు తగ్గించి, సీసాను పొదుపు చేసి వాడసాగారు. అలా చేసి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల తల్లులు ఊరేగింపులు తీశారు. చివరకు 2023 మార్చిలో తయారీ సంస్థ ఎలీ లిల్లీ ధర 70 శాతం తగ్గిస్తామనీ, నెలకు 35 డాలర్లకు మించకుండా చూస్తామనీ ప్రకటించింది. నోవో నార్డిస్క్, సనోఫీ అదే బాట పట్టాయి.

పాత జనరిక్ మందులు మాత్రం ఇవాళ బీమా లేకున్నా అందుబాటులో ఉన్నాయి. వాల్‌మార్ట్ 2006 నుంచి అనేక మందులను నెలకు 4 డాలర్లకు అమ్ముతోంది. వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ 2022లో తెరిచిన ఆన్‌లైన్ మందుల దుకాణం కొన్న ధరపై 15 శాతం, కొద్దిపాటి రుసుములు మాత్రమే కలుపుతుంది. కొత్త క్యాన్సర్ మందులు, ఇంజెక్షన్లు వీటిలో దొరకవు. వాటికి కంపెనీల సహాయ పథకాలను ఆశ్రయించాలి.

అప్పు, ఆలస్యం

కెఎఫ్ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ అంచనాలో అమెరికన్ల వైద్య అప్పు కనీసం 22,000 కోట్ల డాలర్లు. దివాలాలకు ఇదే ప్రధాన కారణమా అన్నది వివాదం. వైద్య పరిశోధకుడు హిమ్మెల్‌స్టీన్ బృందం 2009లో, రెండేళ్ల ముందు నమోదైన వ్యక్తిగత దివాలాల్లో 62 శాతానికి వైద్యమే కారణమంది. 2018లో మరో ఆర్థికవేత్తల బృందం, ఆసుపత్రిలో చేరడం వల్ల నేరుగా కలిగే దివాలాలు 4 శాతమేనంది. మొదటిది బాధితుల మాట ఆధారంగా, రెండోది ఆసుపత్రి రికార్డుల ఆధారంగా వేసిన లెక్క. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. రెండూ దాచని విషయం ఒకటి ఉంది. దివాలా తీయని లక్షల కుటుంబాలు కూడా అద్దె, తిండి తగ్గించుకుని ఈ అప్పులు తీరుస్తున్నాయి. 2024లో నార్త్ కరొలైనా తన 99 ఆసుపత్రులనూ ఒప్పించి, దాదాపు 20 లక్షల మంది పాత అప్పుల మాఫీకి పథకం తెచ్చింది. వైద్య అప్పును క్రెడిట్ రిపోర్టులలో చేర్చకూడదని 2025 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం చేసిన నిబంధనను ఆ జూలైలో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టేసింది.

బీమా ఉంటే ప్రాణాలు దక్కుతాయా అన్నది శాస్త్రీయంగా తేల్చడం కష్టం. 2008లో ఓరెగాన్ రాష్ట్రం మెడికెయిడ్ ఖాళీలను లాటరీ తీసి పంచింది. దాని వల్ల పరిశోధకులకు అరుదైన అవకాశం దక్కింది. రెండేళ్లలో బీమా వచ్చినవారిలో కుంగుబాటు తగ్గింది, తలకు మించిన వైద్య ఖర్చులు దాదాపు మాయమయ్యాయి. రక్తపోటు, కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బీమా వల్ల ఒరిగేదేమీ లేదనేవారికి ఇది ఆయుధమైంది. కానీ 2017లో పన్నుల శాఖ బీమా లేని లక్షల కుటుంబాలకు బీమా తీసుకోవాలని గుర్తుచేస్తూ ఉత్తరాలు రాసింది. డబ్బు చాలక అందరికీ పంపలేక, యాదృచ్ఛికంగా కొందరిని వదిలేసింది. ఉత్తరం అందిన 45 నుంచి 64 ఏళ్లవారిలో బీమా తీసుకున్నవారు పెరిగారు, మరణాలు తగ్గాయి. ఒక ఉత్తరం ప్రాణం కాపాడిందంటే బీమా లేకపోవడం ప్రాణాంతకమని ఒప్పుకోక తప్పదు.

2025 తర్వాత

2025 జూలై 4న చట్టమైన ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ మెడికెయిడ్ విస్తరణ కింద ఉన్న పెద్దలు 2027 నుంచి నెలకు 80 గంటల పని లేదా చదువు చూపించాలంటోంది. ఈ చట్టం వల్ల 2034 నాటికి మరో కోటి మంది బీమా కోల్పోతారని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. 2021లో పెంచిన ప్రీమియం సబ్సిడీలు 2025 చివరితో ముగిశాయి. 2027 జనవరి నుంచి సబ్సిడీలు పౌరులకూ, గ్రీన్‌కార్డుదారులకూ, మరికొన్ని చిన్న వర్గాలకే పరిమితం. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీదున్నవారికి ఇక రావు.

తెలుగువారి సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నుంచి వెళ్లినవారికి ఈ వ్యవస్థ మింగుడుపడదు. ఇక్కడ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు అండగా నిలిచింది. రోజువారీ బీపీ, షుగరు మందుల ఖర్చు చాలావరకు కుటుంబాలదే. బీమా లేని అమెరికన్‌కు మందులకే కాదు, పెద్ద ఆపరేషన్లకు కూడా అండ లేదు. పైగా ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రి ధరకూ అక్కడి ధరకూ పోలికే లేదు. అందుకే పళ్లకు, మోకాళ్లకు హైదరాబాదు, విజయవాడ వచ్చి చేయించుకుని వెళ్లేవారు ఎందరో.

ఎక్కువగా దెబ్బ తినేది చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు. సందర్శక వీసాకు వైద్య బీమా షరతు లేదు. ఆరు నెలలు ఉండి, మనవడిని ఎత్తుకుని రావాలన్న ఆనందంలో బీమా మాట పక్కకు పోతుంది. కొన్నవారు కూడా చాలాసార్లు ఒక్కో సేవకు ఇంతేనని పరిమితి ఉన్న చౌక పాలసీ కొంటారు. అసలు బిల్లులో అది ఒక మూలకు కూడా రాదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు ఈ పాలసీలు దాదాపు వర్తించవు. ఉన్నట్టుండి ముదిరితే కొంతవరకు ఇచ్చేవి కొన్ని ఉన్నాయి, వాటికీ వయసు పరిమితులుంటాయి.

గ్రీన్‌కార్డు మీద వెళ్లిన పెద్దవారికి 65 నిండినా మెడికేర్ వెంటనే రాదు. పదేళ్ల పని చరిత్ర తమకు గానీ భర్తకు/భార్యకు గానీ లేకపోతే, ఐదేళ్లు వరుసగా నివసించాక ప్రీమియం కట్టి కొనుక్కోవచ్చు. 2025లో ఆసుపత్రి భాగానికి నెలకు 518 డాలర్లు, డాక్టర్ల భాగానికి 185 డాలర్లు. ఆ ఐదేళ్లూ అఫర్డబుల్ కేర్ యాక్ట్ మార్కెట్లో బీమా తీసుకోవచ్చన్న సంగతి చాలా ఇళ్లకు తెలియదు.

విద్యార్థులు చదువుకున్నంత కాలం సాధారణంగా విశ్వవిద్యాలయం బీమా అడుగుతుంది. చదువు ముగిసి ఓపీటీలో (చదువు తర్వాతి పని అనుమతిలో) ఉద్యోగం వెతుక్కునే నెలల్లో చాలామంది బీమా లేకుండా ఉంటారు. లేఆఫ్ అయిన ఉద్యోగికి పాత బీమాను కోబ్రా చట్టం కింద సాధారణంగా 18 నెలలు కొనసాగించుకునే వీలుంది. కానీ యజమాని వాటా కూడా కలిపి 102 శాతం తానే కట్టాలి. నిర్ణయానికి 60 రోజులు గడువు. ఆలోగా జబ్బు చేస్తే వెనక తేదీ నుంచి కట్టి బీమా పొందవచ్చు. ఈ ఒక్క నియమం తెలిసి ఉంటే ఎన్నో కుటుంబాలు గట్టెక్కుతాయి.

ఏ దారీ లేనప్పుడు సమాజమే ముందుకు వస్తుంది. అక్కడి తెలుగు సంఘాలైన తానాకు చెందిన టీమ్ స్క్వేర్, నాట్స్‌కు చెందిన హెల్ప్‌లైన్ ప్రమాదాల్లో, మరణాల్లో తోడుంటాయి. విరాళాలు సేకరించే గోఫండ్‌మీ వెబ్‌సైట్లో ఒక తెలుగు విద్యార్థి ప్రమాదం గురించి పెడితే రెండు మూడు రోజుల్లోనే వేల డాలర్లు పోగైన సందర్భాలు ఉన్నాయి. ఆ ఔదార్యానికి చేతులెత్తి మొక్కాలి. అయినా, పరిచయాలున్నవారికి అందే సాయం ఎవరూ ఎరుగని గ్యాస్ స్టేషన్ కుర్రాడికి అందదు.

కాబట్టి అమెరికాలో ఉన్నవారికీ, వెళ్లబోయేవారికీ ఒక మనవి. అమ్మానాన్నల టికెట్ కొన్న రోజునే, చౌకది కాదు, పూర్తి రక్షణ ఇచ్చే బీమా కొనండి. బీమా లేకుండా ఆసుపత్రి పాలైతే, వచ్చిన బిల్లును క్రెడిట్ కార్డుతో కట్టేయకండి. ముందు వివరాల బిల్లు, ఆర్థిక సహాయ దరఖాస్తు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో మొదటి బిల్లు తేదీ నుంచి దానికి 240 రోజుల గడువుంది.